చచ్చిన పురుగుకూ అనుమతి కావాలి, ఆ సంగతి చెప్పే మనిషీ కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దుంగలు పట్టుబడ్డాయన్న వార్తలు మీ పత్రిక జిల్లా పేజీల్లో తరచూ చదువుతుంటాను. నక్షత్ర తాబేళ్ళ గురించీ, అలుగు పొలుసుల గురించీ కూడా అప్పుడప్పుడూ రాస్తున్నారు. అవి రాయవలసిన వార్తలే. అయితే అవే చట్టాల కిందకు వచ్చే మరో రవాణా ఉంది. అందులో దొంగల కన్నా తెలియక తప్పు చేసేవారే ఎక్కువ. కీటకాలనూ, కప్పలూ బల్లుల వంటి చిన్న జీవుల నమూనాలనూ చదువు కోసమో, పరిశోధన కోసమో, ఒక్కోసారి కేవలం ముచ్చటపడో ఊరు దాటించి, రాష్ట్రం దాటించి, చివరికి దేశం దాటించేవారి గురించి ఈ లేఖ. ముప్పై ఏళ్ళకు పైగా తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. నా విద్యార్థి ఒకడికి ఈ విషయంలో జరిగిన నష్టంలో నా తప్పు కూడా ఉంది కనుక రాయక తప్పడం లేదు.

ఆ అబ్బాయిది బంగారుపాళ్యం దగ్గర మామిడి రైతు కుటుంబం. మామిడి కాండాన్ని తొలిచే పురుగుల మీద పరిశోధన మొదలుపెట్టి మూడు వేసవులు వరుసగా తోటలన్నీ తిరిగాడు. రాత్రిపూట చెట్ల మధ్య తెల్లగుడ్డ కట్టి, దాని ముందు దీపం పెట్టి, వచ్చి వాలిన పెంకు పురుగులను ఏరేవాడు. ఒక్కొక్కదానికీ సూది గుచ్చి, ఆ సూదికే చిన్న చీటీ తగిలించి, దాని మీద ఊరి పేరు, తేదీ, ఏ చెట్టు మీద దొరికిందీ పెన్సిలుతో రాసేవాడు. వాటిలో ఒంటికన్నా మీసాలు పొడవుండే చిన్న పురుగు ఒకటి ఏ జాతిదో ఇక్కడ మాకెవరికీ తేలలేదు. ఐరోపాలో ఆ పురుగు చెందిన కీటక కుటుంబం మీదే ఏళ్ళ తరబడి పనిచేస్తున్న శాస్త్రవేత్తకు ఫోటోలు పంపిస్తే, ఫోటోలతో తేలదు, నమూనాలు చూడాలని జవాబు వచ్చింది. పంపించమని చెప్పింది నేనే. "చచ్చిన పురుగులే కదా నాయనా, దీనికేముంది" అన్నాను. కొరియర్ కౌంటర్లో కూర్చున్న మనిషి కూడా అదే మాట అని, లోపల ఏముందో రాయవలసిన చోట 'బహుమతి వస్తువు' అని రాయించాడు.

పెట్టె అక్కడి కస్టమ్స్‌లో ఆగిపోయింది. మన దేశం నుంచి బయటికి వచ్చేందుకు అనుమతి పత్రాలు లేని నమూనాలను తమ సేకరణలో చేర్చుకోలేమని ఆ శాస్త్రవేత్త పనిచేసే మ్యూజియం వారు మర్యాదగానే రాశారు. మూడున్నర నెలల తరువాత పెట్టె తిరిగి వచ్చింది. మా ఇంటి వరండాలో బల్ల మీద పెట్టి ఇద్దరం తెరిచాం. బొటనవేలంత పెద్ద కాండం తొలిచే పురుగు ఒకటి సూదితో సహా ఊడి, దారిపొడవునా పెట్టెలో దొర్లి, తగిలిన ప్రతి చిన్న పురుగునూ విరగ్గొట్టింది. మిగిలినవాటిని ఎండు నమూనాలను తిని బతికే చిన్న పురుగులు పట్టి పొడి చేశాయి. నలభైకి పైగా సూదులు వరుసగా నిలబడే ఉన్నాయి. సూదులకు చీటీలు ఉన్నాయి, చీటీల మీద 'బంగారుపాళ్యం, మామిడి' అన్న అక్షరాలు చెక్కుచెదరలేదు. పురుగులు మాత్రం లేవు. ఆ అబ్బాయి చాలాసేపు ఏమీ మాట్లాడకుండా పెట్టె అడుగున ఉన్న పొడిని వేలితో పక్కకు నెడుతూ కూర్చున్నాడు.

ఆ తరువాతనే నేను చట్టాలు చదవడం మొదలుపెట్టాను. ముందే చదివి ఉండవలసింది. వాటిలో నాకు అర్థమైనంత మేరకు మీ పాఠకులకు చెప్పడం ఈ లేఖలో మొదటి ఉద్దేశం.

మొదట తెలుసుకోవలసినది, వన్యప్రాణి చట్టాలకు బతికిన జీవికీ చచ్చిన జీవికీ పెద్ద తేడా లేదన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్ళలో, అంటే రక్షిత జీవుల పట్టికల్లో, పులులూ ఏనుగులూ మాత్రమే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. కానీ సీతాకోకచిలుకలు కూడా ఎన్నో ఉన్నాయి. మన ఇళ్ళ పెరళ్ళలో ఎర్రటి ఒంటితో, నల్లటి రెక్కల మీద ఎర్రని, తెల్లని మచ్చలతో ఎగిరే క్రిమ్సన్ రోజ్ అనే సీతాకోకచిలుక 2022లో చట్టాన్ని సవరించకముందు పులితో పాటు మొదటి షెడ్యూలులోనే ఉండేది. పట్టడం, చంపడం, శరీరంలో ఏ భాగాన్నయినా తీసుకోవడం, పక్షులవీ సరీసృపాలవీ అయితే గుడ్లను పాడుచేయడం, ఇవన్నీ చట్టం దృష్టిలో వేటే. చదువు కోసం, పరిశోధన కోసం అయితే రాష్ట్ర అటవీ శాఖలోని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వవచ్చు. 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం వంటి రక్షిత ప్రాంతంలో అయితే షెడ్యూలులో ఉన్నదా లేదా అన్న ప్రశ్నే రాదు. అక్కడి నుంచి ఏ వన్యజీవినీ అనుమతి లేకుండా తీసుకురాకూడదు. చట్టంలోని 48ఏ సెక్షను రవాణా చేసేవారిని కూడా బాధ్యుల్ని చేస్తుంది. అనుమతి ఉందో లేదో చూసుకోకుండా వన్యప్రాణిని గానీ దాని భాగాలతో చేసిన వస్తువును గానీ రవాణాకు తీసుకోకూడదని అందులో ఉంది. ఈ సంగతి తిరుపతిలో పార్సిల్ కౌంటర్లలో ఉద్యోగం చేసే పిల్లలకు ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా అని నాకు సందేహం.

రెండోది 2002 నాటి జీవవైవిధ్య చట్టం. దీని అమలు చూసే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ మనకు దగ్గరలోనే, చెన్నైలో ఉంది. విదేశీయులూ, ప్రవాస భారతీయులూ ఇక్కడి జీవ వనరులను పరిశోధనకు తీసుకోవాలంటే ముందుగా ఆ సంస్థ ఆమోదం పొందాలి. భారతీయ పరిశోధకుడే అయినా, మామూలు శాస్త్ర పరిశోధన కోసం నమూనాలను దేశం బయటికి పంపాలన్నా, చేత పట్టుకుని వెళ్ళాలన్నా దరఖాస్తు చేసుకోవాలి. ప్రభుత్వ మార్గదర్శకాలకు లోబడి, ఆమోదం పొందిన ఉమ్మడి పరిశోధనలకు మాత్రం సడలింపు ఉంది. మా అబ్బాయి పురుగులు అడవివి కావు, ఏ షెడ్యూలులోనూ లేవు, సొంత తోటలో పట్టినవి. అయినా ఈ చట్టం ప్రకారం అవి జీవ వనరులే. 2023లో ఈ చట్టాన్ని సవరించి జైలు శిక్షలు తొలగించారు గానీ, లక్ష నుంచి యాభై లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టారు. పరిశోధక విద్యార్థికి అంత జరిమానా అంటే చదువు అక్కడితో ఆగినట్టే.

మూడోది సైటిస్ అని పిలిచే అంతర్జాతీయ ఒప్పందం. అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసేది అది. 1975లో అమల్లోకి వచ్చింది, మరుసటి ఏడే మన దేశం అందులో చేరింది. ఇప్పుడు 180కి పైగా దేశాలు దానికి కట్టుబడి ఉన్నాయి. మన ఎర్రచందనం దాని రెండో అనుబంధంలో, అంటే పత్రాలు ఉంటేనే వ్యాపారం సాగే పట్టికలో ఉంది. నక్షత్ర తాబేలును 2019లో మొదటి అనుబంధంలోకి, అంటే అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషిద్ధమైన పట్టికలోకి మార్చారు. పెద్ద రెక్కల బర్డ్‌వింగ్ సీతాకోకచిలుకలు కూడా ఆ ఒప్పందంలో ఉన్నాయి. ఈ పట్టికల్లోని జీవి దేశం దాటాలంటే బయలుదేరే దేశం పత్రం ఇవ్వాలి, జీవిని బట్టి చేరే దేశం కూడా ఇవ్వాలి. నమోదైన శాస్త్ర సంస్థలు మ్యూజియం నమూనాలను అప్పుగానో మార్పిడిగానో పంపుకోవడానికి ఒప్పందంలోనే వెసులుబాటు ఉంది. అది సంస్థలకే గానీ వ్యక్తులకు వర్తించదు. మా అబ్బాయి తన పేరు మీద కాకుండా సరైన సంస్థ ద్వారా, సరైన కాగితాలతో పంపి ఉంటే ఆ పెట్టె కథ వేరుగా ఉండేది.

వీటికి తోడు కస్టమ్స్ నిబంధనలు, చేరే దేశపు నిబంధనలు. అమెరికాలో 1900 నాటి లేసీ చట్టం ఉంది. మన దేశపు చట్టాన్ని మీరి బయటికి తెచ్చిన వన్యజీవిని అక్కడికి తీసుకుపోతే అది అక్కడ కూడా నేరమే. ఆల్కహాలులో ఉంచిన నమూనాలకు విమానయాన నిబంధనలు వేరు. ఒక్కో లోపలి సంచిలో 30 మిల్లీలీటర్లకు మించి ద్రవం ఉండకూడదు, మూడు పొరల ప్యాకింగు ఉండాలి. తపాలాలో అయితే బతికిన జీవులు పంపడం నిషిద్ధం. దానికి అంతర్జాతీయ తపాలా ఒప్పందం ఇచ్చిన మినహాయింపులు వేళ్ళ మీద లెక్కించవచ్చు. తేనెటీగలు, జలగలు, పట్టుపురుగులు, గుర్తింపు పొందిన సంస్థల మధ్య నడిచే, చీడపురుగులను అదుపు చేసే మిత్రపురుగులు, వైద్య పరిశోధనకు వాడే ఒక రకం పండు ఈగలు, అంతే. పలమనేరు వైపు పట్టుపురుగుల పెంపకం మీద బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తాము పెంచే పురుగుకు ప్రపంచ తపాలాలో ఇలాంటి ప్రత్యేక స్థానం ఉందని తెలిస్తే వాళ్ళు సంతోషిస్తారు.

ఇదంతా చదివినవారికి ఇంత కట్టుదిట్టం ఎందుకు, పురుగుల కోసం ఇన్ని కాగితాలా అన్న అనుమానం రావచ్చు. నాకూ మొదట అదే అనిపించింది. కానీ మన రాయలసీమ సంగతే చూడండి. 1899లో అనంతపురం జిల్లా గుత్తిలో దొరికిన ఒకే ఒక నమూనాను బట్టి ఇంగ్లండు శాస్త్రవేత్త పోకాక్ ఒక సాలీడును వర్ణించాడు. నెమలి కంఠంలాంటి నీలిరంగు ఒళ్ళు, కాళ్ళ మీద పసుపు మచ్చలు ఉంటాయి. ఆ తరువాత దాదాపు నూరేళ్ళకు గానీ అది నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్ళీ శాస్త్రవేత్తల కంటబడలేదు. ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో దొరకని ఆ గుత్తి సాలీడు ఐరోపా, అమెరికా పెంపుడు జంతువుల సంతల్లో మాత్రం డబ్బు పెడితే దొరుకుతుంది. ఆ పంజరాల్లోని సాలీళ్ళన్నిటికీ మూలం మన అడవే. 2019లో దాన్నీ దాని దాయాదులనూ సైటిస్ రెండో అనుబంధంలో చేర్చారు. సరుకు బయటికి పోయిన తరువాత తాళం వేసినట్టయింది. 2008లో డార్జిలింగ్ జిల్లాలో సింగలీలా జాతీయ ఉద్యానం దగ్గర అనుమతి లేకుండా వందల కొద్దీ కీటకాలు పట్టారని ఇద్దరు చెక్ దేశస్థులను అరెస్టు చేశారు. వారికి మద్దతుగా ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు సంతకాలు సేకరించారు. అయినా కోర్టు ఇద్దరినీ దోషులుగానే తేల్చింది, ఒకరికి జరిమానా, మరొకరికి మూడేళ్ళ జైలు విధించింది. చదువు పేరు చెప్పుకుని వ్యాపారం చేసేవారు ఉన్నంతకాలం పురుగుకైనా కాగితం అడగడం న్యాయమే.

చరిత్ర కూడా మరిచిపోకూడదు. తిరుమల కొండల్లో జలపాతాల దగ్గర రాతి చీలికల్లో ఉండే బంగారు బల్లిని 1870లో బెడ్డోమ్ అనే ఆంగ్లేయ అధికారి తిరుపతి కొండల నుంచి వర్ణించాడు. నీలి చారల సీతాకోకచిలుకల ఒక ప్రజాతికి 1880లో లండనులో ఫ్రెడరిక్ మూర్ పెట్టిన పేరు 'తిరుమల'. ప్రపంచంలో ఏ దేశపు కీటక శాస్త్రవేత్త ఆ సీతాకోకచిలుక పేరు పలికినా మన కొండ పేరే పలుకుతాడు. అది తలచుకుంటే నాకు గర్వంగానే ఉంటుంది. కానీ మన దేశపు జీవులెన్నిటికో మొట్టమొదటి నమూనాలు సముద్రాల అవతల మ్యూజియాల్లో ఉన్నాయి. వాటిని చూడాలంటే మన పిల్లలు వీసా తీసుకుని వెళ్ళాలి. జీవ వనరుల మీద ఆయా దేశాలకే హక్కు ఉండాలన్న మాట ఈ చేదు అనుభవం నుంచే పుట్టింది. 2012 అక్టోబరులో హైదరాబాదులో ప్రపంచ జీవవైవిధ్య సదస్సు జరిగిన సమయంలోనే జీవ వనరుల లాభాల్లో ఆయా దేశాలకు వాటా దక్కాలనే నగోయా ఒప్పందాన్ని మన దేశం ఆమోదించిందంటే, ఈ హక్కు కోసం మనం ఎంత గట్టిగా నిలబడ్డామో తెలుస్తుంది.

సరిగ్గా అనుమతులు తీసుకుని పురుగులను సరిహద్దు దాటిస్తే ఎంత మేలు జరుగుతుందో కూడా మనం కళ్ళారా చూశాం. 2008లో మెక్సికో ప్రాంతపు బొప్పాయి పిండినల్లి కోయంబత్తూరు దగ్గర మొదటిసారి కనిపించి దక్షిణాదిలో పాకింది. అది బొప్పాయితో ఆగలేదు. మల్బరీని పట్టింది, కర్రపెండలాన్ని పట్టింది. ఆకుల మీద తెల్ల పిండి పేరుకుని చెట్లు మాడిపోయాయి. పిండినల్లికి మందులు కొట్టి లాభం లేక, దాన్ని తిని బతికే మూడు రకాల బదనికలను, అంటే మన కంటికి చుక్కలా కనిపించే కందిరీగల వంటి పురుగులను, 2010లో అమెరికా వ్యవసాయ శాఖ ప్యూర్టోరికోలో పెంచుతున్న చోటు నుంచి అనుమతులతో తెప్పించారు. బెంగళూరులోని జాతీయ కీటక వనరుల సంస్థ వాటిని క్వారంటైన్‌లో ఉంచి, ఇతర పురుగులకు హాని చేయవని పరీక్షించి, పెంచి, రాష్ట్రాలకు పంచింది. కొన్ని నెలల్లోనే పిండినల్లి అదుపులోకి వచ్చింది. అనుమతి పత్రాల పని పురుగుల రాకపోకలను ఆపడమేనని అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రావలసిన పురుగు క్షేమంగా వచ్చేదీ, రాకూడనిది ఆగేదీ ఒకే తలుపు దగ్గర.

పరిశోధకుల సంగతి పక్కన పెడితే, మామూలు కుటుంబాలకు కూడా ఒక మాట చెప్పాలి. తిరుపతిలో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పిల్లలు లేని వీధి ఉండదు. కొండకు వచ్చి వెళ్ళేటప్పుడు వాళ్ళు నెమలి పింఛాల విసనకర్రలు కొని పెట్టెలో సర్దుకుంటారు. రాలిన పింఛాలు దేశంలో అమ్మడం, కొనడం తప్పు కాదు గానీ వాటిని, వాటితో చేసిన వస్తువులను దేశం దాటించడం నిషిద్ధం. అద్దాల పెట్టెల్లో బిగించిన సీతాకోకచిలుకలను వేరే దేశాల నుంచి ముచ్చటపడి తెచ్చేవారూ ఉన్నారు. అందులో బర్డ్‌వింగ్ ఒకటి ఉన్నా సైటిస్ పత్రం అడుగుతారు. తెలియదన్న మాట చెన్నై విమానాశ్రయంలో చెల్లదు.

నేను కోరేది చట్టాన్ని సడలించమని కాదు. ఆ అబ్బాయి రెండోసారి పద్ధతి ప్రకారం దరఖాస్తు చేయబోతే ఎన్ని చోట్లకు తిరగవలసి వచ్చిందో నేను పక్కనే ఉండి చూశాను. ఒక కార్యాలయంలో అది మా పరిధి కాదన్నారు, మరొక చోట చెన్నైకి రాయమన్నారు, ఇంకొక చోట ఆన్‌లైన్లో అన్నీ ఉన్నాయన్నారు. అన్నీ ఉన్నది ఇంగ్లీషులో, అదీ న్యాయవాదులకు అర్థమయ్యే ఇంగ్లీషులో. ఎవరూ అమర్యాదగా మాట్లాడలేదు, ఎవరూ లంచం అడగలేదు. ఎవరికీ పూర్తిగా తెలియదు, అంతే. ఎనిమిది నెలలు గడిచేసరికి పరిశోధన గడువు దగ్గరపడి, ఆ చిన్న పురుగును 'గుర్తించని జాతి' అని రాసి గ్రంథం సమర్పించాడు. అది శాస్త్రానికి కొత్త జాతే అయి ఉంటే, జీవవైవిధ్య చట్టం ప్రకారం మొదటి నమూనాను జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వంటి నిర్దేశిత భాండాగారంలో చేర్చి, అక్కడి నుంచి శాస్త్రీయంగా అప్పుగా పంపే మార్గం ఒకటి ఉందని మాకు ఆలస్యంగా తెలిసింది. హైదరాబాదులో ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉండగా మేము ఐరోపాకు పెట్టె పంపించాం.

1954లో పుట్టిన వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐసర్ అనే జాతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ, వ్యవసాయ కళాశాల, పశువైద్య విశ్వవిద్యాలయం ఇన్ని ఉన్న ఊరు మనది. వెనకాలే 2010లో జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటించిన శేషాచలం ఉంది. పక్కన తమిళనాడు, పడమట కర్ణాటక. నమూనాలు రాష్ట్రం దాటని పరిశోధన ఇక్కడ దాదాపు ఉండదు. ఇలాంటి చోట అటవీ శాఖ, విశ్వవిద్యాలయాలు కలిసి ఒక్క గదిలో ఒక్క బల్ల ఏర్పాటు చేసి, నమూనా దేనిది, ఎక్కడ పట్టారు, ఎక్కడికి పోతోంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు విని, ఏ కాగితం ఎవరికి పెట్టాలో తెలుగులో చెప్పే మనిషిని కూర్చోబెట్టలేమా? దరఖాస్తు చేరిన తరువాత ఎన్నాళ్ళలో జవాబు వస్తుందో రాసి గోడకు తగిలించలేమా? డిగ్రీ మొదటి సంవత్సరం జంతుశాస్త్రం పిల్లలకు సీతాకోకచిలుకను పట్టే వల చేతికి ఇచ్చేటప్పుడే ఈ నిబంధనలు చెప్పే నాలుగు పేజీల తెలుగు పుస్తకం కూడా ఇస్తే, నాలాంటి ఉపాధ్యాయుడు "చచ్చిన పురుగులే కదా" అన్నా ఆ పిల్లవాడు ఆగి, "కాదు సార్, కాగితం కావాలి" అని చెప్పగలుగుతాడు. కొరియర్, పార్సిల్ కార్యాలయాల యజమానులకు 48ఏ సెక్షను తెలుగు ప్రతి ఒకటి పంపినా అటవీ శాఖకు పెద్ద ఖర్చు కాదు.

ఇలాంటి బల్ల ఏర్పాటు చేస్తే వారానికి రెండు రోజులు నేను జీతం లేకుండా వచ్చి కూర్చుంటాను. దరఖాస్తులు నింపడంలో, నమూనాలు విరగకుండా సర్దడంలో సాయం చేస్తాను. బరువైన పురుగుకు రెండు పక్కలా అడ్డంగా రెండు సూదులు గుచ్చితే అది ఊడి దొర్లదు. ఆ పెట్టెలో అవి లేవు. ఆ చీటీల పెట్టె ఇంకా మా ఇంట్లోనే ఉంది. మొదటి రోజు దాన్ని ఆ బల్ల మీద పెట్టడానికి తెస్తాను.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
తిరుపతి.